లడ్డుకు కుట్టిన పరుపు

పరుపే రోగమని డాక్టరమ్మ అనగానే హాజిరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పటిదాకా ఆమె మర్యాదగానే ఉంది. పొద్దున్నే పశువుల దవాఖానాకు వచ్చి, బర్రెల వెనకాల తన వంతు కోసం కూర్చుని, ఒళ్లో పెట్టుకున్న గంప మూత సందులోంచి ముక్కు బయటపెడుతున్న కుందేలును బుజ్జగించుకుంటూ ఉంది. బర్రెను తోలుకొచ్చినాయన గంపలోకి తొంగి చూసి, "కూరకా అమ్మా, సాకనీకా?" అని అడిగితే కూడా, "నీ బర్రెను చూసుకో అయ్యా" అని ఊరుకుంది. కానీ పరుపును అన్నాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

డాక్టరు సువర్ణ చిన్నపిల్ల. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. కుందేలు లడ్డును ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని వీపును తన పొట్టకు ఆనించి, వెనక కాళ్లు రెండూ పైకెత్తి చూపించింది. మడమల దగ్గర బొచ్చు పూర్తిగా ఊడిపోయి, చర్మం ఎర్రగా కంది, ఎడమ మడమ మీద చిన్న పుండు పడి ఉంది.

"చూడమ్మా. కుక్కకూ పిల్లికీ కాలి కింద మెత్తలుంటయి. దీనికి లేవు. దీనికి బొచ్చే చెప్పులు. తడిల నానీ నానీ ఆ బొచ్చు ఊడింది. బోనుల కింద ఏమేస్తున్నరు?"

"పరుపు," అంది హాజిరా, తల కొంచెం పైకెత్తి. "దూది పరుపు. నేనే కుట్టిన. గంపలకు కూడా చిన్నది కుట్టిన, చూడుండ్రి."

డాక్టరమ్మ గంపలోని చిన్న పరుపును వేలితో నొక్కి చూసింది. "ఇది కొత్తది. బోనుల ఉన్న పెద్దది తీసెయ్యుండ్రి. అదే రోగం."

"ఏంది?"

"దూది మూత్రం పీల్చుకుంటది. పైకి తెలవది. ఇంకోటి, రోజు కాళ్లు కడుగుతున్నరా?"

"కడగకపోతే? వానకాలం. వాకిలంతా బురద. నల్లా కింద పెట్టి కడిగి, పసుపు, కొబ్బరినూనె రాస్తున్న."

"కడగొద్దు, నూనె రాయొద్దు. నేను మలాం రాసిస్తా."

"బిడ్డా," అంది హాజిరా, "నువ్వు పుట్టకముందు మీ అమ్మ పండుకున్న పరుపు ఎవలు కుట్టిన్రో అడుగు పో. ఈ చుట్టుపక్కల పెండ్లయిన ప్రతి ఇంట్ల మా పరుపే ఉండేది. మా పరుపు మీద పండుకున్నోళ్లకు రోగాలు పోయినయి గానీ, వచ్చినయి లేవు."

"మా అమ్మ చాప మీద పండుకున్నదమ్మా," అంది డాక్టరమ్మ మామూలుగా, మలాం డబ్బా బల్ల మీద పెడుతూ.

హాజిరా ఆ డబ్బాను ముట్టుకోలేదు. లడ్డును గంపలో పెట్టుకుని, మూత వేసి, కొంగు బిగించి బయటికి నడిచింది. ఆటో ఎక్కాక కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఇదేదో ఎండిన ఊరన్నట్టు మాట్లాడుతుందే ఆ డాక్టరు. గోదావరి ఒడ్డున, శ్రావణమాసంలో, ఉతికిన చీర మూడు పొద్దులైనా ఆరని చోట, మూగజీవం కింద మెత్తటి దూది పరిచినందుకు రోగమట. మనిషికి పరిస్తే పుణ్యమట, కుందేలుకు పరిస్తే పాపమట.

లడ్డు ఆమెది కాదు. ఆమె బెంగంతా అక్కడే ఉంది.

ఇంటి ముందు వాటా ఎప్పుడూ కిరాయికే ఇచ్చేవారు. ఎవరో ఒక ఉద్యోగస్తులు రావడం, పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరగడం, అంతలో బదిలీ అని డీసీఎం వ్యాను ఎక్కి పోవడం. పోయేవాళ్లు ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేవాళ్లు. ఒకరు పూలకుండీలు, ఒకరు ఉయ్యాల కొక్కెం, ఒకరు పిల్లాడి మూడుచక్రాల బండి. "మళ్లొచ్చినప్పుడు తీసుకపోతం" అనేవాళ్లు. ఆ కుండీల్లో మొక్కలకు ఆమె ఇప్పటికీ నీళ్లు పోస్తూనే ఉంది. ఆమె మొగుడు మహబూబ్ అలీ కూడా ఖమ్మం దవాఖానాకు పోతూ, "సాయంత్రానికల్లా వస్త, ఆ గీతల గుడ్డ కొయ్యకు, నేనొచ్చినంక కోస్త" అన్నాడు. ఆ పరుపు గుడ్డ చాన్నాళ్లు కోయకుండా అట్లాగే ఉండిపోయింది.

ఆఖరికి కిరాయికి ఉన్నది కోటేష్ వాళ్లు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం. పెళ్లాం ద్వాలి, కూతురు సంగీత. వైరాకు బదిలీ అయినప్పుడు అక్కడ దొరికిన ఇల్లు పై అంతస్తులో ఉందనీ, ఇంటాయన జంతువులను రానివ్వడనీ కుందేలును వదిలిపెట్టాల్సి వచ్చింది. సామాను బండి ఎక్కేముందు సంగీత కుందేలును హాజిరా చేతుల్లో పెట్టి, "అవ్వా, మేం వేరే ఇల్లు చూసుకున్నంక వచ్చి తీసుకపోతం. అప్పటిదాంక మంచిగ చూస్తవా?" అంది. తల్లిదండ్రులను నమ్మలేదు గానీ ఆ పిల్ల కళ్లు చూసి నమ్మింది హాజిరా. "ఎట్లిచ్చినవో అట్లనే అప్పజెప్త, ఒక్క బొచ్చు పోదు" అని మాటిచ్చింది.

ఇప్పుడు పోయింది బొచ్చే.

అందుకే ఆమె చేతనైనదంతా చేసింది. ఒకప్పుడు దూది ఏకిన రేకుల పంచలో బోను పెట్టించింది. ఏకే విల్లు ఇంకా ఆ పంచ దూలానికే వేలాడుతోంది. కుందేలు కాలు మొదట ఎర్రబడ్డప్పుడు, బోను కింద చెక్క గట్టిగా ఉండి ఒరుసుకుపోయిందనుకుంది. ఇంకేముంది, మూలన పడి ఉన్న మంచి దూది తీసి, విల్లు దించి, నడుం నొప్పి లెక్కచేయకుండా కూర్చుని ఏకింది. మొగుడు కోయొద్దన్న గీతల గుడ్డనే కోసి, అంచులకు దొప్పకుట్టు వేసి, బోనుకు సరిగ్గా సరిపోయేలా పరుపు కుట్టింది. కాలు ఇంకా ఎర్రబడితే, మెత్తదనం చాలలేదనుకుని ఇంకాస్త దూది కూరింది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి కొడుకు ముస్తకీమ్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. భద్రాచలంలో అతనికి ఫోమ్ పరుపుల దుకాణం ఉంది. తండ్రి చనిపోయిన ఏడాదే పెట్టాడు. తల్లి ఆ దుకాణం గడప ఇంతవరకు తొక్కలేదు.

"ఏమన్నది డాక్టరు?" అని అడిగాడు.

"నా పరుపే రోగమట."

ముస్తకీమ్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. భార్య అంజుమ్ అటు తిరిగి నవ్వు దాచుకుంది గానీ అతను దాచుకోలేదు. "నేనెప్పుడో చెప్పిన గదమ్మా, దూది కాలం పోయింది. ఫోమ్ ముక్క తెచ్చి ఇస్త."

"నీ ఫోమ్ నీ దుకాణంల పెట్టుకో. మూడేండ్లకే గుంట పడే పరుపు అమ్మెటోడివి, నాకు చెప్తున్నవా?"

"అత్తమ్మా, కోపం జేసుకోకుండ్రి," అంది అంజుమ్. "వాళ్లకు ఫోన్ జేసి చెబుదం. వాళ్ల కుందేలు వాళ్లే చూసుకుంటరు. మీకెందుకు ఈ పరేషాన్?"

"వాళ్లు మళ్ల వస్తరో రారో అనే గదే ఇన్నాళ్లు నా పరేషాన్. ఇప్పుడు పుండు పెట్టి పంపుతనా?" హాజిరా గంప కింద పెట్టింది. "పంచలకు రాండ్రి ఇద్దరు. ఇప్పుడే చూపిస్త. మీ కండ్ల ముందర కుట్టు విప్పి చూపిస్త, నా దూది ఎంత పొడిగున్నదో. అప్పుడు ఆ డాక్టరుకు ఫోన్ జేసి చెప్పుండ్రి."

ముస్తకీమ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. అంజుమ్ కూడా వచ్చింది. హాజిరా బోనులోంచి పరుపు లాగి పలక మీద పరిచింది. ఆ పలక వెడల్పాటి టేకుది. మహబూబ్ అలీ గుడ్డ కోసేవాడు దాని మీద. పరుపు పైన చెయ్యి పెట్టి నిమిరింది. పొడిగా ఉంది. కొడుకు వైపు చూసింది, చూశావా అన్నట్టు.

ఆ తర్వాత, పాత పరుపులు మళ్లీ ఏకించుకోవడానికి తెచ్చినవాళ్ల ముందు మొగుడు చేసినట్టే, కత్తెర మొనతో అంచు కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చింది. "పై గుడ్డ చూసి మాట చెప్పకు హాజిరా. గుడ్డ అబద్ధమాడుతది, దూది ఆడదు" అనేవాడు ఆయన. పెళ్లయిన కొత్తలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే.

చెయ్యి లోపలే ఆగిపోయింది.

వేళ్లకు తగిలింది దూదిలా లేదు. నానిన అటుకుల్లా ముద్దలు కట్టి, చల్లగా, జిగటగా ఉంది. ఆమె పిడికెడు తీసి బయట పెట్టింది. పచ్చగా మారి, ఘాటు వాసన కొట్టింది. అంజుమ్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ముస్తకీమ్ తల్లి ముఖం చూడలేక, మెల్లగా, "ఫోమైతే..." అన్నాడు.

"ఫోమైతే ఇంతకన్న కంపు కొట్టేది. నోరు ముయ్యి."

అంతవరకు డాక్టరమ్మ మీదా, కొడుకు మీదా, వాన మీదా ఉన్న కోపమంతా తిరిగి తిరిగి తన చేతి మీదికే వచ్చింది. పక్క ఊళ్లనుంచి వచ్చిన పరుపులన్నింటిలోనూ దూరిన చెయ్యి, తన పరుపులో దూరలేదు. ఎందుకు పెడుతుంది, తను కుట్టింది కదా. తన దూది, తన కుట్టు. ఆ జీవం పగలూ రాత్రీ ఆ తడి మీదే కూర్చుని, నోరు లేక ఊరుకుంది. కాళ్లు కంది ఎర్రబడిన కొద్దీ ఆమె ఇంకాస్త దూది కూరి, ఇంకాస్త తడి నింపింది.

ఆ మధ్యాహ్నమే తిరిగి దవాఖానాకు వెళ్లింది. పొద్దున వదిలేసిన డబ్బా బల్ల మీద అక్కడే ఉంది. డాక్టరు సువర్ణ ఆమెను చూసి దాన్ని ముందుకు జరిపింది.

"మీ మాట నిజమే," అంది హాజిరా, నిలబడే. "గానీ చెప్పిన తీరు మంచిగ లేదు."

"ఎట్ల చెప్పాలెనమ్మా?"

"కుట్టు మంచిగున్నదని ముందు అనాలె. ఆ తర్వాత తీసెయ్యమనాలె."

డాక్టరమ్మకు పొద్దున గంపలో చూసిన చిన్న పరుపు గుర్తొచ్చింది. "కుట్టు నిజంగనే మంచిగున్నది. దొప్పకుట్టు గద. మా ఊళ్ల ఇప్పుడు ఎవలకూ రాదు."

"ఆ," అంది హాజిరా, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇప్పుడు చెప్పు ఏం జెయ్యాల్నో."

డాక్టరమ్మ చెప్పింది. కాళ్లు నీళ్లలో ముంచొద్దు. మట్టి అంటితే గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డతో అంటినంత మేరకే తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. పుండు మీద మలాం పూసి ఆరనివ్వాలి. గోళ్లు పెరిగితే బరువంతా మడమ మీద పడుతుంది, నెలకోసారి తీసుకొస్తే కత్తిరిస్తానంది. బోను కింద చెక్క, చెక్క మీద మందంగా ఎండు గడ్డి. తడిసిన గడ్డి తడిసినట్టే తీసేయాలి. వాకిలి ఆరేదాకా వదలొద్దు. ఈగలు ముసరకుండా చూడాలి.

"గడ్డి," అంది హాజిరా. "ఈ వానల ఎండు గడ్డి ఎక్కడ తేవాలె?"

ఎండు గడ్డి తండాలో లచ్చిరాం దగ్గర ఉంది. బర్రెల కోసం అటక మీద దాచుకున్నాడు. వాన వెలిసిన పూట హాజిరా గోనెసంచి పట్టుకుని పోయి అడిగితే, ఆయన మెట్లెక్కి కట్టలు దించుతూ, "కుందేలుకా? మా కోడలు వచ్చి పదేండ్లాయె, ఆమెకు కూడా గిట్ల పక్క ఏసినోళ్లు లేరు" అన్నాడు.

"నీ కోడలికి కాళ్లకు చెప్పులున్నయి గద."

"ఉన్నయి. నా మీదికి లేపనీకే."

ఆయన భార్య హేమ్లి లోపల్నుంచి, "నీ నోరుకు చెప్పులు చాలవు" అంది. హాజిరా చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ వానాకాలమంతా ఆమె పని అదే. పొద్దున లేవగానే బోనులో గడ్డి కిందికి, చెక్క తగిలేదాకా చెయ్యి దూర్చడం. చేతికి చెమ్మ తగిలితే ఆ మేరకు తీసేయడం. మళ్లీ సాయంత్రం. కరెంటు పోయి, పంచ కురిసి, గోదావరి పైకొచ్చి ఊరంతా కట్ట మీదికి పోయి చూస్తున్న రోజున కూడా, ఆమె గోనెసంచి తలమీద కప్పుకుని గడ్డి మార్చింది. అంజుమ్ మొదట్లో నవ్వింది. తర్వాత అత్తకు జ్వరం వచ్చిన రోజున తనే పంచలోకి పోయి, గాజులు పైకి తోసుకుని చెయ్యి దూర్చి, "అత్తమ్మా, ఎడం మూలకు తడున్నది" అని అరిచి చెప్పింది. హాజిరా దుప్పటిలోంచే, "మరి తీయరాదు, చెబుతవేంది" అంది.

పుండు మానింది. చర్మం తెల్లబడి, దాని మీద ముందు నూగు, తర్వాత కురచ బొచ్చు మొలిచింది. కానీ పక్కనున్న పాత బొచ్చంత కాలేదు.

ఆశ్వయుజంలో కోటేష్ ఫోన్ చేశాడు. కింది అంతస్తులో, వెనక పెరడు ఉన్న ఇల్లు దొరికిందనీ, ఆదివారం వస్తున్నామనీ చెప్పాడు. హాజిరా ఫోన్ పెట్టేసి, పంచలోకి పోయి లడ్డు వెనక కాళ్లు మళ్లీ ఎత్తి చూసుకుంది. వస్తారో రారో అని ఇన్నాళ్లూ ఒక రకం భయం. వస్తున్నారు కనుక ఇప్పుడింకో రకం.

వచ్చారు. సంగీత ఆటో దిగుతూనే పంచలోకి పరుగెత్తింది. హాజిరా ఆ పిల్లను ఆపి, లడ్డును ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎవరూ అడగకముందే వెనక కాళ్లు ఎత్తి చూపింది.

"ఒక్క బొచ్చు పోదని చెప్పిన. పోయింది. పుండైంది. నా పరుపు వల్లనే అయింది. మానింది గానీ, ఇంకా నువ్విచ్చినట్టు లేదు."

సంగీత కురచ బొచ్చు మీద వేలుపెట్టి రాసింది. "మెత్తగున్నది అవ్వా," అంది. "కొత్తది గద."

అంతలో కోటేష్ ఆటోలోంచి తెచ్చిన బోను కింద దించాడు. కొత్తది, తళతళ మెరుస్తోంది.

"చూడు పెద్దమ్మా, ఖమ్మంల కొన్న. కింద ఇనుప జాలీ. పెంట, మూత్రం అన్ని కిందికి పోతయి. తడి ముచ్చటే లేదు."

హాజిరా లడ్డును సంగీత చేతుల్లో పెట్టి, బోను చుట్టూ ఒకసారి తిరిగింది. కింది జాలీ పలకను చేత్తో లాగితే ఊడి వచ్చింది. దాన్ని వాకిట్లో నేలమీద, రెండు ఇటుకల మీద పరిచింది.

"చెప్పులిప్పు."

"ఏంది?"

"చెప్పులిప్పి దీనిమీద నిలబడు బిడ్డా."

కోటేష్ నవ్వుతూ చెప్పులు విడిచి ఎక్కాడు. బరువైన మనిషి. కొద్దిసేపు నవ్వాడు. తర్వాత ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద బరువు వేశాడు. ద్వాలి గుమ్మంలో నిలబడి, "జెర ఆగు, దిగకు. కుందేలుకైతే దిగే జాగ లేదు గద" అంది. కోటేష్ దిగాడు. సంగీత వంగి తండ్రి కాలు ఎత్తమంది. అరికాలంతా గళ్లు పడి ఉన్నాయి. ఆ పిల్ల ఆ గళ్లను వేలితో తడిమి, బోను వైపు చూసి, లడ్డును ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"సరే పెద్దమ్మా, చెక్క ఏపిస్త," అన్నాడు కోటేష్.

"ఎప్పుడు?"

"పోయినంక. రేపో ఎల్లుండో."

పోయినంక. ఆ ఒక్క మాటకు హాజిరా ఒళ్లు మండిపోయింది. పోయినాక ఉత్తరం రాస్తామన్నారు, పోయినాక ఫోన్ చేస్తామన్నారు, పోయినాక తిరిగి వచ్చి మూడుచక్రాల బండి తీసుకుపోతామన్నారు. పోయినాక చేసిన పని ఒక్కటి చూడలేదు ఆమె. "అయితే చెక్క ఏసినంకనే రా. అప్పటిదాంక అది ఇక్కడనే ఉంటది. మొన్న మొన్న మానిన కాలు. వైరా పోయేసరికే మళ్ల పుండైతది. మీకేంది, కొన్నరు, తెచ్చిన్రు. ఆ ఇనుము మీద నిలబడేది మీరా?"

కోటేష్ ముఖం ఎర్రబడింది. సంగీత కుందేలు చెవుల మధ్య గడ్డం ఆనించి హాజిరా వైపు చూసింది. సామాను బండి ఎక్కిన రోజున చూసిన చూపే. ఆ రోజు ఆ పిల్లను లడ్డు నుంచి విడదీసింది వేరేవాళ్లు. ఈరోజు విడదీస్తున్నది తను. పిల్లకు మాత్రం రెండూ ఒకటే.

హాజిరా పంచలోకి పోయి, టేకు పలకను గోడ దగ్గర్నుంచి లాగింది. ఒక్కతే మోయలేక కొడుకును పిలిచింది.

"దీన్ని బోను కొలతకు కొయ్యి."

ముస్తకీమ్ పలకను చూశాడు. అంచుల్లో తండ్రి కత్తెర గీతలు సన్నగా, వరసగా ఉన్నాయి. "నాయిన పలకమ్మా ఇది."

"తెల్సు. కొయ్యి."

అతను రంపం తెచ్చి కోశాడు. కోస్తున్నంతసేపు ఆమె అటు చూడలేదు. సంగీతను కూర్చోబెట్టి, పలక మీద గడ్డి ఎంత మందం పరవాలో, తడి ఎట్లా చూడాలో చెబుతోంది.

"పైన చెయ్యి పెట్టి చూసి మోసపోకు. నేను మోసపోయిన. చెయ్యి కిందికి తొయ్యి, ఇంకా, ఇంకా, చెక్క తగలాలె. ఆ. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. మీ నాయినకు ఆ పని అప్పజెప్పకు. ఆయన పోయినంక జేస్తడు."

కోటేష్ తల దించుకుని నవ్వాడు. పలక బోనులో సరిగ్గా కూర్చుంది. లచ్చిరాం గడ్డి రెండు గోనెలు ఆటో వెనక కట్టారు. లడ్డు కొత్త బోనులో ఒకసారి చుట్టూ తిరిగి, గడ్డి మీద కాళ్లు చాపి పడుకుంది.

ఆటో కదిలింది. హాజిరా గేటు పట్టుకుని నిలబడి వెనకనుంచి కేకలేస్తూనే ఉంది. నీళ్ల గిన్నె ఒరగకుండా చూడమనీ, మబ్బు పడితే పెరట్లోకి వదలొద్దనీ, వైరాలో పశువుల డాక్టరు ఎక్కడున్నాడో రేపే కనుక్కోమనీ. మూల మలుపు దగ్గర సంగీత వెనక్కి తిరిగింది. చెయ్యి ఊపలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గడ్డిలోకి తోస్తున్నట్టు చెయ్యి కిందికి దింపి, మోచేతి దాకా ఇట్లా అని చూపించింది.

ఆటో గతుకులో పడి ఎగిరింది.

"మెల్లగ తోలమను వాన్ని," అంది హాజిరా, వినపడే దూరంలో ఎవరూ లేకపోయినా. "కండ్లు నెత్తిమీద పెట్టుకున్నడా ఏంది, వెనక కాళ్లు నొప్పున్న జీవముందని తెల్వదా." అట్లా ఆ ఆటోవాణ్ణి తిడుతూనే పంచలోకి పోయి, నేలమీద పడ్డ రంపపు పొట్టు ఊడ్వడం మొదలుపెట్టింది.